గడి లేని వాయువులు

1868 ఆగస్టు 18 ఉదయం గుంటూరు మీద సూర్యుడు ఐదు నిమిషాలకు పైగా కనబడకుండా పోయాడు. ఆ సంపూర్ణ గ్రహణం నీడ పడమటి తీరం నుంచి బీజాపూర్ మీదుగా దక్కన్ దాటి, కృష్ణా డెల్టా దగ్గర బంగాళాఖాతంలోకి దిగింది. నీడ నడిచే దారి ముందే లెక్కకట్టి ఉంది కాబట్టి, దాని పొడవునా పరిశీలకులు టెలిస్కోపులతో మకాం వేశారు. గుంటూరుకు రెండు బృందాలు వచ్చాయి. ఒకటి ఫ్రాన్స్ నుంచి వచ్చిన జూల్స్ జాన్సెన్‌ది, రెండోది బ్రిటిష్ మేజర్ జేమ్స్ టెనంట్‌ది. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నాన్ని ఎంచుకున్నాడు. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తి నుంచి చూశాడు.

అందరి గురీ ఒకటే. గ్రహణం పూర్తిగా పట్టినప్పుడు చంద్రుడి నల్లటి అంచు చుట్టూ ఎర్రటి జ్వాలలు కనిపిస్తాయి. అవి ఏమిటో తేల్చాలి. అంతకు తొమ్మిదేళ్ల ముందు హైడెల్‌బర్గ్‌లో కిర్కాఫ్, బున్సెన్ ఒక మార్గం చూపించి ఉన్నారు. ఏ మూలకాన్ని వేడిచేసి వెలిగించినా ఆ వెలుగును పట్టకంతో విడదీస్తే దానికే చెందిన రంగు గీతలు కనిపిస్తాయి. అంటే పదార్థం చేతికి అందకపోయినా దాని వెలుగు అందితే చాలు. జ్వాలల వైపు వర్ణపటదర్శినిని తిప్పడం ఆ గ్రహణంతోనే మొదలైంది. విడివిడి గీతలు కనిపించాయి కాబట్టి జ్వాలలు వేడి వాయువేనని తేలింది. వాటిలో హైడ్రోజన్ గీతలను గుర్తుపట్టారు. ఇంకొకటి పసుపు గీత. అది సోడియం గీత ఉండే చోటే ఉందా, కాస్త పక్కనా? పాగ్సన్ తన నివేదికలో ఆ సందేహాన్ని సందేహంగానే వదిలేశాడు.

జాన్సెన్ దృష్టి వేరేదాని మీద పడింది. గీతలు అంత కాంతివంతంగా ఉంటే గ్రహణం లేకుండానే వాటిని చూడవచ్చని ఆయనకు తోచింది. మర్నాడే గుంటూరులో, మామూలు ఎండలో, సూర్యుడి అంచు మీద గురిపెట్టి చూసి నిర్ధారించుకున్నాడు. పారిస్‌కు ఉత్తరం రాశాడు. అది సముద్రాలు దాటి చేరేలోపు లండన్‌లో నార్మన్ లాకయర్ అక్టోబర్ 20న సొంతంగా అదే పని చేశాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ అకాడమీలో ఒకే సమావేశంలో చదివారు. ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి తలలూ ముద్రించిన పతకం ఒకటి వేయించింది.

హీలియం గుంటూరులో దొరికిందని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ గర్వంలో సగం నిజం ఉంది. గుంటూరులో దొరికింది చూసే పద్ధతి. ఆ పసుపు గీత సోడియంది కాదని పట్టుబట్టి కొలిచినవాడు లాకయర్. సోడియం జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి, ఇది 587.6 దగ్గర ఉంది. రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఫ్రాంక్లండ్‌తో కలిసి ప్రయోగశాలలో హైడ్రోజన్‌ను ఎంత తిప్పలు పెట్టినా ఆ గీత రాలేదు. సూర్యుడి గ్రీకు పేరు మీద ఈ కొత్త పదార్థానికి హీలియం అన్న పేరు వచ్చింది. 1871లో విలియమ్ థామ్సన్ బ్రిటిష్ అసోసియేషన్ అధ్యక్షోపన్యాసంలో ఆ పేరును పైకి చెప్పాడు. పేరు ఉంది, గీత ఉంది. బరువు లేదు, భూమ్మీద ఏ సీసాలోనూ లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మూలకాలన్నింటినీ ఒక వరుసలో కూర్చోబెట్టే పని జరుగుతోంది. అందులో చోటు కావాలంటే బరువు చెప్పాలి, ఎవరితో ఎలా కలుస్తుందో చెప్పాలి. హీలియం రెండూ చెప్పలేదు.

మూలకాలను గుంపులు చేసే ప్రయత్నం పాతదే. పదో తరగతి పుస్తకంలో డాబరీనర్ త్రికాలు, న్యూలాండ్స్ అష్టకాలు చాలామంది తెలుగు విద్యార్థులు చదువుకున్నవే. లిథియం 7, సోడియం 23, పొటాషియం 39: మధ్యదాని బరువు చివరి రెండింటి సగటు. డాబరీనర్ 1829 నాటికే ఇలాంటి త్రికాలు పేర్చాడు. అయితే అప్పట్లో ఒకరి పరమాణు భారం ఇంకొకరికి కుదిరేది కాదు. నీటిలో హైడ్రోజన్ పరమాణువులు ఒకటా రెండా అన్న దగ్గరే తగాదా. 1860 సెప్టెంబర్‌లో జర్మనీలోని కార్ల్స్‌రూహెలో శాస్త్రవేత్తలంతా కూడినప్పుడు ఇటలీ నుంచి వచ్చిన కన్నిజారో ఆ లెక్కను చక్కబెట్టే దారి చూపించాడు. ఆయన వాదనను అచ్చువేసిన చిన్న పుస్తకం ప్రతినిధులకు పంచారు. దాన్ని ఇంటికి తీసుకెళ్లినవాళ్లలో జర్మనీకి చెందిన లోథార్ మేయర్, రష్యాకు చెందిన ద్మిత్రి మెండలీవ్ ఉన్నారు. ఆ తర్వాత పదేళ్లలో కనీసం ఆరుగురు వేర్వేరు దేశాల్లో మూలకాలను బరువు వరుసలో పెట్టి చూశారు. నమ్మదగిన బరువులు దొరికాక ఆవర్తనం కళ్లకు కనిపించడం ఇక కాలం మీద ఆధారపడిన విషయమే.

న్యూలాండ్స్ కథ కాస్త జాలి కలిగిస్తుంది. బరువు వరుసలో ప్రతి ఎనిమిదో మూలకం మొదటిదాన్ని పోలి ఉందని, అది సప్తస్వరాల తర్వాత మళ్లీ షడ్జం వచ్చినట్టే ఉందని 1866 మార్చిలో లండన్ కెమికల్ సొసైటీలో చదివాడు. సభలో ఒకాయన లేచి, అక్షరక్రమంలో పెట్టి చూశారా, అప్పుడూ ఏదో పోలిక కనబడేదేమో అని చురక వేశాడు. చురక అన్యాయమే. అయినా న్యూలాండ్స్ ఖాళీలు వదలకుండా అన్నీ కుక్కేశాడు, ఒకే చోట రెండేసి మూలకాలు పెట్టాడు. ఇంకో సంగతి ఆ సభలో ఎవరికీ తెలిసే వీల్లేదు. జడవాయువులు అప్పటికి దొరికి ఉంటే లిథియం నుంచి లెక్కపెట్టినప్పుడు సోడియం ఎనిమిదోది కాదు, తొమ్మిదోది అయ్యేది. అష్టకం అన్న ఆలోచనే పుట్టేది కాదు. లేని మూలకాల వల్ల నిలబడిన నియమం అది.

మెండలీవ్ దగ్గరికి వస్తే, ఆయనకు కలలో పట్టిక కనిపించిందనీ, పేకముక్కలతో ఆడుతూ కనిపెట్టాడనీ కథలున్నాయి. చరిత్రకారులు వాటిని అంతగా నమ్మరు. పెద్దగా కథ అక్కర్లేదు కూడా. ఆయన సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, విద్యార్థుల కోసం రసాయనశాస్త్ర మూలసూత్రాల పుస్తకం రాస్తున్నాడు. మొదటి భాగం అయ్యేసరికి తెలిసిన 63 మూలకాల్లో కొన్నింటినే ముగించాడు. మిగతావి రెండో భాగంలో ఏ వరుసలో చెప్పాలన్నది అధ్యాయాల సమస్య. 1869 మార్చి 1న జున్ను తయారీ కేంద్రాల తనిఖీకి బయలుదేరాల్సి ఉంది. ఆ సందర్భంగా వచ్చిన ఉత్తరం వెనకే మూలకాల బరువులు గీకి చూసుకున్నాడు. ఆ కాగితం ఇప్పటికీ ఉంది. కొద్ది రోజులకు రష్యన్ కెమికల్ సొసైటీలో పత్రం చదవాల్సి వస్తే ఆయన ఊళ్లో లేడు. సహచరుడు మెన్షుట్కిన్ చదివాడు.

ఆ మొదటి పట్టిక కంటే 1871 నాటి పట్టికే ఈ కథకు ముఖ్యం. ఎనిమిది నిలువు గ్రూపులు. ప్రతి గ్రూపు నెత్తిన ఒక సూత్రం రాసి ఉంటుంది. ఆ గ్రూపులోని మూలకం ఆక్సిజన్‌తో ఏ పాళ్లలో కలుస్తుందో చెప్పేది అది. మొదటి గ్రూపులో రెండు పరమాణువులకు ఒక ఆక్సిజన్. రెండో గ్రూపులో ఒకటికి ఒకటి, సున్నంలో కాల్షియంలాగా. నాలుగో గ్రూపులో ఒకటికి రెండు, ఇసుకలో సిలికాన్‌లాగా. ఎనిమిదో గ్రూపుదాకా ఇలా మెట్టు మెట్టుగా పెరుగుతుంది. అడ్డంగా బరువు, నిలువుగా సంయోజకత. రెండింటికీ తగాదా వస్తే మెండలీవ్ సంయోజకత పక్షాన నిలిచాడు. టెల్లూరియం బరువు 128, అయోడిన్ బరువు 127 అని కొలతలు చెబుతున్నా అయోడిన్‌ను క్లోరిన్, బ్రోమిన్‌ల కిందే ఉంచడానికి టెల్లూరియాన్ని ముందు పెట్టాడు. కొలతే తప్పయి ఉంటుందన్నాడు. బెరిలియం బరువు 13.5 అని చాలామంది అంటుంటే రెండో గ్రూపులో పడాలంటే 9 కావాలన్నాడు. యురేనియం 120 కాదు, 240 అన్నాడు. బెరిలియం, యురేనియం విషయాల్లో ఆయనే గెలిచాడు. టెల్లూరియం విషయంలో ఓడాడు. కానీ దాని చోటు మాత్రం ఆయన పెట్టిందే.

ఖాళీ గడుల సంగతి అందరికీ తెలిసిందే. సంస్కృత సంఖ్యను ముందు తగిలించి ఏక-అల్యూమినియం, ఏక-బోరాన్, ఏక-సిలికాన్ అని పేర్లు పెట్టి, బరువులూ సాంద్రతలూ రాసిపెట్టాడు. 1875లో ఫ్రాన్స్‌లో లెకాక్ ద బ్వాబోద్రాన్ పైరెనీస్ కొండల జింకు ఖనిజంలో రెండు కొత్త ఊదా గీతలు చూసి గాలియం తీశాడు. మన వేసవిలో అయితే గదిలో పెట్టినా కరిగిపోయే లోహం అది, దాని ద్రవీభవన స్థానం 30 డిగ్రీలు కూడా లేదు. ఆయన సాంద్రత 4.7 అని ప్రకటించాడు. చూడనైనా చూడని మెండలీవ్ పీటర్స్‌బర్గ్ నుంచి, అది 5.9 దగ్గర ఉండాలి, నమూనా శుద్ధి సరిపోలేదు అని రాశాడు. మళ్లీ శుద్ధి చేసి తూస్తే 5.9 వచ్చింది. పట్టిక పేరు మోగింది అక్కడే. 1879లో స్కాండియం, 1886లో జర్మేనియం వచ్చి మిగతా రెండు గడులూ నింపాయి.

ఈ విజయాల వెలుగులో ఒక లోపం ఎవరికీ కనబడలేదు. గ్రూపు అంటే కలిసే తీరు. ఎవరితోనూ కలవని మూలకం ఉంటే దానికి గ్రూపే ఉండదు. అలాంటిది ఉండవచ్చన్న అనుమానానికి కూడా ఆ పట్టికలో ఖాళీ లేదు. సూర్యుడి పసుపు గీతకు మెండలీవ్ ఏనాడూ పెద్దగా విలువ ఇవ్వలేదు. బరువు తూచలేనిదాన్ని, సమ్మేళనం చూపలేనిదాన్ని మూలకమనడం ఆయన పద్ధతికే విరుద్ధం.

లోపం బయటపడింది అత్యంత విసుగు పుట్టించే పని వల్ల. ఇంగ్లండ్‌లో లార్డ్ రేలీ వాయువుల సాంద్రతలను ఏళ్ల తరబడి తూస్తూ పోయాడు. గాలిలోంచి ఆక్సిజన్ తీసేస్తే మిగిలే నైట్రోజన్ లీటరుకు 1.257 గ్రాములు తూగింది. రసాయనాల్లోంచి పుట్టించిన నైట్రోజన్ 1.2505 తూగింది. తేడా నూటికి అర వంతు. ఇంకెవరైనా అయితే త్రాసును అనుమానించి వదిలేసేవారు. రేలీ మళ్లీ మళ్లీ తూచి, అంతు చిక్కక, 1892లో నేచర్ పత్రికకు ఉత్తరం రాసి కారణం చెప్పమని పాఠకులనే అడిగాడు.

ఆ జవాబులో ఒక భాగం వందేళ్లుగా పుస్తకంలో పడి ఉంది. 1785లో హెన్రీ కావెండిష్ గాలికి విద్యుత్ మెరుపులు పెట్టి నైట్రోజన్ మొత్తాన్నీ ఆక్సిజన్‌తో కలిపేశాడు. ఎంత చేసినా చివర ఒక చిన్న బుడగ మిగిలింది. మొత్తంలో అది 120వ వంతు మించదని రాసిపెట్టి ఊరుకున్నాడు. తర్వాతివాళ్లు ఆ వాక్యాన్ని దాటి వెళ్లిపోయారు.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో విలియమ్ రామ్సే ఇంకో దారి పట్టాడు. ఎర్రగా కాల్చిన మెగ్నీషియం మీదుగా గాలి నైట్రోజన్‌ను అటూ ఇటూ పంపితే మెగ్నీషియం నైట్రోజన్‌ను మింగేస్తుంది. మిగిలిన వాయువు ఏ మూలకానికీ చెందని ఎరుపు, ఆకుపచ్చ గీతలు చూపింది. 1894 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్‌లో రేలీ, రామ్సే కలిసి ప్రకటించారు. దానికి ఆర్గాన్ అని పేరు పెట్టారు. గ్రీకులో సోమరి అని అర్థం. సోమరితనం మామూలుది కాదు. కొంత వాయువును పారిస్‌లోని ఆన్రీ మోసాన్‌కు పంపారు. ప్రపంచంలో దేన్నయినా కొరికే ఫ్లోరిన్‌ను మొదట విడదీసినవాడు ఆయనే. ఫ్లోరిన్ కూడా ఆర్గాన్‌ను ఏమీ చేయలేకపోయింది.

ఇప్పుడు దీన్ని ఎక్కడ పెట్టాలి? హైడ్రోజన్‌తో పోలిస్తే సాంద్రత సుమారు 20. నైట్రోజన్‌లాగా పరమాణువులు జంటగా తిరిగే వాయువయితే పరమాణు భారం 20 అవుతుంది, ఫ్లోరిన్ 19కీ సోడియం 23కీ మధ్య సరిగ్గా ఇమిడిపోతుంది. వరుస చివర వాయువులకు చోటుందేమోనని రామ్సే ముందే రేలీకి రాసి ఉన్నాడు కూడా. కానీ ఆ వాయువులో ధ్వని వేగం కొలిచి లెక్కవేస్తే పరమాణువులు ఒంటరిగానే తిరుగుతున్నాయని తేలింది. అంటే పరమాణు భారం 40. అక్కడ పొటాషియం 39తో, కాల్షియం 40తో కూర్చుని ఉన్నాయి. పంక్తిలో రానివాళ్ల కోసం మెండలీవ్ విస్తళ్లు వేసి ఉంచాడు, వచ్చి నిలబడ్డ ఆర్గాన్‌కు మాత్రం విస్తరి లేదు.

మెండలీవ్‌కు అది మూలకమే కాదేమో అనిపించింది. ఆక్సిజన్ మూడు పరమాణువులు కలిసి ఓజోన్ అయినట్టు, మూడు నైట్రోజన్ పరమాణువులు కలిసిన రూపమేమో అన్నాడు. ఆ మాటకు ఇప్పుడు నవ్వుకోవడం తేలిక. గాలియం సాంద్రతను చూడకుండా సరిదిద్దినప్పుడూ ఆయన చేసింది ఇదే పని: కొలతకంటే పట్టికను ఎక్కువ నమ్మాడు. ఒకసారి అది ఆయన్ను గెలిపించింది, ఇంకోసారి ఓడించింది.

రామ్సే ఆర్గాన్‌ను దేనితోనైనా కలపాలని వెతుకుతుంటే, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం ఖనిజ నిపుణుడు హెన్రీ మైయర్స్ ఒక సంగతి గుర్తుచేశాడు. అమెరికాలో హిల్లెబ్రాండ్ యురేనియం ఖనిజాలను ఆమ్లంలో మరిగిస్తే ఏదో మొండి వాయువు వచ్చిందనీ, ఆయన దాన్ని నైట్రోజన్ అనుకున్నాడనీ. 1895 మార్చిలో రామ్సే క్లీవైట్ అనే ఖనిజాన్ని కొని అదే చేశాడు. వచ్చిన వాయువులో పసుపు గీత ఉంది. సోడియం పక్కనే ఉంది కానీ సోడియం కాదు. విలియమ్ క్రూక్స్‌కు పంపి కొలిపిస్తే 587.49 అని జవాబు వచ్చింది. మచిలీపట్నంలో పాగ్సన్ సందేహపడిన గీత 27 ఏళ్ల తర్వాత లండన్‌లో గాజుగొట్టంలో చిక్కింది. స్వీడన్‌లోని ఉప్సలాలో కూడా దాదాపు అప్పుడే క్లీవ్, లాంగ్లెట్ అదే వాయువును తీసి తూచారు. బరువు 4. హైడ్రోజన్ ఒకటికీ లిథియం ఏడుకూ మధ్య.

ఇక ఇద్దరు అనాథలు. 4, 40. రెండిటినీ ఒకే కుటుంబం అనుకుంటే మధ్యలో 20 దగ్గర ఇంకొకటి ఉండాలి. రామ్సే ఆ తర్కాన్ని దాచుకోలేదు. 1897లో టొరంటోలో బ్రిటిష్ అసోసియేషన్ సభలో, ఇంకా కనిపెట్టని ఒక వాయువు గురించి అని శీర్షిక పెట్టి మరీ ఉపన్యాసమిచ్చాడు. అంటే మెండలీవ్ పద్ధతితోనే మెండలీవ్ గీయని నిలువు వరుసను ఊహించాడు. ఖనిజాలు కాల్చి చూస్తే ఏమీ దొరకలేదు. అంతలో గాలిని పెద్ద ఎత్తున ద్రవంగా మార్చే యంత్రాలు వచ్చాయి. రామ్సే, ఆయన యువ సహాయకుడు మారిస్ ట్రావర్స్ కలిసి ద్రవ గాలిని మెల్లగా ఆవిరి చేస్తూ ఒక్కో భాగాన్నీ వర్ణపటదర్శినిలో చూశారు. 1898 మే 30న క్రిప్టాన్, జూన్‌లో నియాన్, జూలైలో జీనాన్. గొట్టంలో నియాన్ వెలిగినప్పుడు వచ్చిన ఆ ఎర్రటి కాంతి గీతలు కొలవకముందే విషయం చెప్పేసింది.

ఈ ఇద్దరికీ మన దేశంతో లంకె ఉంది. జంషెడ్జీ టాటా తలపెట్టిన పరిశోధనా సంస్థ ఎక్కడ పెడితే బాగుంటుందో చూడమని పిలిస్తే రామ్సే 1900లో ఇండియా అంతా తిరిగి బెంగళూరు పేరు చెప్పాడు. ఆ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు మొదటి డైరెక్టరుగా వచ్చినవాడు నియాన్‌ను వెలిగించిన ట్రావర్సే.

ఐదు వాయువులు కళ్లముందుంటే ఇక కాదనడం కుదరదు. 1900లో బెల్జియంలో ఎరెరా, విడిగా రామ్సే ఒకే పరిష్కారం సూచించారు: మొదటి గ్రూపుకు ముందు, ఏ సంయోజకతా లేని వాటి కోసం సున్నా గ్రూపు. మెండలీవ్ ఒప్పుకున్నాడు, తన పుస్తకం కొత్త ముద్రణలో చేర్చాడు. పట్టిక చెడలేదు, పక్కన ఒక వరుస పెరిగిందంతే. ఒక్క గడి కూడా లేచి ఇంకోచోటికి వెళ్లాల్సి రాలేదు. 1904లో రేలీకి భౌతికశాస్త్రంలో, రామ్సేకి రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చాయి.

ఒప్పుకున్నాక మెండలీవ్ ఉత్సాహం కాస్త హద్దు దాటింది. సున్నా గ్రూపులో హీలియం పైన ఇంకా తేలికైన జడవాయువులుంటాయని ఊహించి, వెలుగును మోసే ఈథర్ వాటిలో ఒకటన్నాడు, ఇంకోటి కరోనియం అన్నాడు. కరోనియం కూడా గ్రహణాల సంతానమే. 1869 ఆగస్టులో అమెరికాలో గ్రహణం పట్టినప్పుడు సూర్యకిరీటంలో ఒక ఆకుపచ్చ గీత కనిపించింది. ఏ మూలకానికీ సరిపోలేదు. గుంటూరు గ్రహణానికీ దానికీ ఏడాదే తేడా. తర్కం అక్షరాలా ఒకటే: తెలియని గీత ఉంటే తెలియని మూలకం ఉంటుంది. పసుపు గీత విషయంలో అది నిజమైంది. ఆకుపచ్చ గీతకు 1940ల తొలి ఏళ్లలో స్వీడన్ శాస్త్రవేత్త ఎడ్లెన్ ఇచ్చిన జవాబు వేరు. లక్షల డిగ్రీల వేడిలో 13 ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న మామూలు ఇనుము గీత అది.

మిగిలింది బరువు తగాదా. ఆర్గాన్ 39.9, పొటాషియం 39.1. టెల్లూరియం, అయోడిన్ కథే మళ్లీ వచ్చింది, ఈసారి త్రాసును తప్పుపట్టడానికి వీల్లేదు. కోబాల్ట్, నికెల్ జంట కూడా తలకిందులే. వరుసకు అసలు ఆధారం బరువు కాదేమో అన్న మాటను డచ్ లాయరు వాన్ డెన్ బ్రూక్ 1911 నుంచి చెబుతున్నాడు. వృత్తి శాస్త్రవేత్త కాని మనిషి చెప్పిన ఆ మాటకు రుజువు తెచ్చింది హెన్రీ మోస్లే. 1913లో మాంచెస్టర్‌లో, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో, మూలకాల మీద ఎలక్ట్రాన్లు కొట్టి అవి విడిచే ఎక్స్ కిరణాల పౌనఃపున్యాలు కొలిచాడు. వాటి వర్గమూలం ఒక మూలకం నుంచి పక్కదానికి సమానమైన మెట్లలో పెరుగుతూ పోయింది. కోబాల్ట్ 27, నికెల్ 28. క్లోరిన్ 17, పొటాషియం 19. మధ్యలో 18 ఆర్గాన్‌ది. అరుదైన మృత్తికలు ఎన్ని అని దశాబ్దాలుగా కొట్టుకుంటున్న వాళ్లకు లెక్క దొరికింది. ఇంకా దొరకనివి ఎన్నో కూడా చెప్పొచ్చు: 43, 61, 72, 75. మోస్లే మొదటి ప్రపంచ యుద్ధంలో చేరి 1915 ఆగస్టు 10న గాలిపోలీలో చనిపోయాడు. వయసు 27. ఆ నాలుగు ఖాళీల్లో 72వది హాఫ్నియంగా 1923లో కోపెన్‌హేగెన్‌లో, 75వది రీనియంగా 1925లో బెర్లిన్‌లో దొరికాయి. 43వది ప్రకృతిలో దాదాపు లేదు. 1937లో సెగ్రే, పెర్రియర్ సిసిలీలోని పలెర్మోలో, బర్క్‌లీ సైక్లోట్రాన్ నుంచి వచ్చిన మాలిబ్డినం రేకులో టెక్నీషియాన్ని పట్టుకున్నారు. 61వది, ప్రొమీథియం, 1945లో అమెరికాలో అణు రియాక్టరు వ్యర్థాల్లో దొరికింది.

ఆర్గాన్ ఎందుకు అంత బరువన్నది ఆ తర్వాత తెలిసింది. మన గాలిలోని ఆర్గాన్‌లో నూటికి 99 పైగా ద్రవ్యసంఖ్య 40 ఉన్న రకం. అది రాళ్లలోని రేడియోధార్మిక పొటాషియం విఘటనం చెంది కోట్ల ఏళ్లుగా గాలిలోకి చేరింది. సూర్యుడిలో ఎక్కువగా ఉన్నది 36 రకం. భూమ్మీదా అలాగే ఉండి ఉంటే పట్టికలో ఆ జంట తలకిందులయ్యేదే కాదు. పక్కింటి పొటాషియమే ఆర్గాన్‌ను బరువెక్కించిందన్నమాట. హీలియం యురేనియం ఖనిజంలో ఎందుకు దొరికిందో మాత్రం అంతకు చాలా ముందే తేలింది. యురేనియం విడిచే ఆల్ఫా కణాలు హీలియం కేంద్రకాలేనని రూథర్‌ఫర్డ్, రాయిడ్స్ నిరూపించారు.

సున్నా గ్రూపు దశ తిరిగింది పరమాణువులో ఎలక్ట్రాన్లు కక్ష్యల్లో ఎలా నిండుతాయో తెలిశాక. జర్మనీలో కోసెల్, అమెరికాలో లూయిస్ 1916లో విడివిడిగా ఒకటే చెప్పారు. నియాన్, ఆర్గాన్‌ల బయటి కక్ష్యలో ఎనిమిదేసి ఎలక్ట్రాన్లుంటాయి. సోడియం ఒకటి ఇచ్చినా, క్లోరిన్ ఒకటి పుచ్చుకున్నా పక్కనున్న జడవాయువు అమరికకు చేరడానికే. అంతకుముందు కలయికను బట్టి గ్రూపులు నిర్ణయించి, కలవని దాన్ని మినహాయింపుగా పక్కన పెట్టారు. ఇప్పుడు కలవనిదే కొలబద్ద అయింది, మిగతావి కలవడానికి కారణాన్ని దాన్ని బట్టి చెప్పడం మొదలైంది. వరుసల పొడవులు కూడా అక్కడి నుంచే అర్థమయ్యాయి: 2, 8, 8, 18, 18, 32. ప్రతి వరుసా ఒక జడవాయువుతో ముగుస్తుంది. సున్నా గ్రూపు ఎడమ అంచు నుంచి కుడి అంచుకు మారింది. తరగతి గోడమీద కనిపించే 18 నిలువు వరుసల పట్టిక ఇలా వాడుకలోకి వచ్చింది. అమెరికా, యూరప్ గ్రూపులకు వేర్వేరు అంకెలు వాడుతూ గందరగోళం చేస్తుంటే 1988లో అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంఘం ఒకటి నుంచి 18 దాకా వరుసగా అంకెలు వేసింది. సున్నా 18 అయింది.

ఆపాటికి జడత్వం కూడా కరిగిపోయింది. కెనడాలోని వాంకూవర్‌లో నీల్ బార్ట్‌లెట్ ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ అనే వాయువు ఆక్సిజన్ అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను లాగేసుకోవడం చూశాడు. ఆక్సిజన్ అణువు నుంచి ఎలక్ట్రాన్ పీకడానికి ఎంత శక్తి కావాలో జీనాన్ నుంచి పీకడానికీ దాదాపు అంతే కావాలని లెక్కల్లో గమనించాడు. 1962 మార్చిలో జీనాన్‌నూ ఆ హెక్సాఫ్లోరైడ్‌నూ ఒకే పాత్రలో కలిపాడు. నారింజ పసుపు రంగు ఘనపదార్థం ఏర్పడింది. గదిలో ఉన్నది తనొక్కడే. ఆ ఏడాది ముగిసేలోపు ఇతర ప్రయోగశాలలు జీనాన్‌ను నేరుగా ఫ్లోరిన్‌తోనే కలిపాయి. మోసాన్ నాటి నుంచి ఆ పని ఎవరూ గట్టిగా చేయకపోవడానికి కొంత కారణం పాఠ్యపుస్తకాలే. జడం అని అచ్చువేసి ఉంటే మళ్లీ పరీక్షించడానికి ఎవరు పూనుకుంటారు?

హీలియం చోటు మాత్రం పూర్తిగా తేలిందనలేం. ఎలక్ట్రాన్లు రెండే. బయటి కక్ష్యలో రెండు ఎలక్ట్రాన్లున్న బెరిలియం, మెగ్నీషియం రెండో గ్రూపులో ఉన్నాయి. ఎలక్ట్రాన్ల అమరికే ప్రాతిపదికయితే హీలియం బెరిలియం మీద కూర్చోవాలి. 1928లో ఫ్రాన్స్‌లో షార్ల్ జానే గీసిన పట్టికలో అక్కడే ఉంది కూడా. ప్రవర్తనే ప్రాతిపదికయితే నియాన్ మీద. గోడమీది పట్టికలన్నీ రెండోదాన్నే పాటిస్తాయి. 2017లో వాతావరణ పీడనానికి పదకొండు లక్షల రెట్లు ఒత్తిడిలో సోడియంతో హీలియం ఒక సమ్మేళనంగా అమరిందని ఒక అంతర్జాతీయ బృందం ప్రకటించింది. భూమి మీద ఆ పరిస్థితులు మామూలుగా ఉండవు కాబట్టి గడి మార్చడానికి అది చాలదని రసాయనశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది అభిప్రాయం.

అదే నిలువు వరుస అడుగున 118 ఉంది, ఒగనెస్సాన్. రష్యాలోని దుబ్నాలో కాలిఫోర్నియం మీద కాల్షియం అయాన్లు కొట్టి తయారుచేశారు. 2016లో పేరు పెట్టారు. ఇప్పటిదాకా తయారైనవి వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని పరమాణువులు. వాటి అర్ధాయువు మిల్లీసెకను కూడా లేదు. దాని రసాయన గుణాలను పరీక్షించినవాళ్లు లేరు. లెక్కలు మాత్రం అది గది ఉష్ణోగ్రతలో వాయువుగా కాక ఘనంగా ఉండొచ్చనీ, ఇతర మూలకాలతో తేలిగ్గానే కలవవచ్చనీ చెబుతున్నాయి. జపాన్‌లోని రికెన్ సంస్థలో 119 కోసం క్యూరియం మీద వెనేడియం అయాన్లు కొడుతున్నారు. అది దొరికితే ఎనిమిదో వరుస మొదలవుతుంది.